మద్రాసు చప్పుడు, మైసూరు పొగ

ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె పోయే దారిలో వీరపునాయునిపల్లె దగ్గర టీ అంగడి ముందు ఒక కుర్రాడు కొత్త బండి ఆపాడు. గుండ్రటి హెడ్‌లైటు, కన్నీటిచుక్క ఆకారంలో పెట్రోలు ట్యాంకు, మెరిసే సైలెన్సర్. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి ట్యాంకు మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత వంగి కుడివైపు వెతికాడు. "అబ్బీ, కిక్కు యాడ పెట్నారు దీనికి?" అన్నాడు. "కిక్కు లేదు తాతా, బటనే" అన్నాడు కుర్రాడు.

ఈ మాటలు ప్రొద్దుటూరులో వినొచ్చు, జమ్మలమడుగులో వినొచ్చు, పులివెందుల పెట్రోలు బంకు దగ్గర కూడా వినొచ్చు. కుర్రాడికి అది జీవితంలో మొదటి బండి. పెద్దాయనకు అది తన వయసులో చూసిన బండి, ఏదో ఒక అవయవం తక్కువగా తిరిగి వచ్చింది. ఈ ఇద్దరి మధ్య దాదాపు డెబ్బయ్యేళ్ళ దారి ఉంది. ఆ దారి మద్రాసులో మొదలై, మైసూరు మీదుగా వచ్చి, ఈ నల్లరేగడి పొలాల గట్ల మీద తిరిగింది. అంగళ్ళలో 'రెట్రో' అని అమ్ముతున్నది ఆ దారిలో మిగిలిన రూపాన్నే.

వీరపునాయునిపల్లె పెద్ద ఊరేమీ కాదు. కడప జిల్లాలో ఒక మండల కేంద్రం. చుట్టూ శనగ, పొద్దుతిరుగుడు పండే నేలలు. ఉత్తరాన ఎర్రగుంట్ల నాపరాళ్ళ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. దక్షిణాన పాపఘ్ని, దాని ఒడ్డున వేంపల్లె. నగలకు, గుడ్డలకు ప్రొద్దుటూరు; జబ్బు చేస్తే ఒకప్పుడు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి; చీనీకాయల బేరానికి పులివెందుల. ఏ పని పడ్డా చాలా దూరం పోవాలి. బస్సు దాటిపోతే మళ్ళీ బస్సు ఎప్పుడో. ఇలాంటి చోట బండి అవసరం ఎంతదో వేరే చెప్పనక్కర్లేదు.

ముందు మద్రాసు సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది ఇంగ్లండులోని రెడిచ్‌లో. ఆ కంపెనీ మొదటి మోటారు సైకిల్ 1901లో తయారైంది. బుల్లెట్ అన్న పేరు 1932లో పెట్టారు. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో, 1949లో, మద్రాస్ మోటార్స్ వాళ్ళు 350 సీసీ బుల్లెట్లను దిగుమతి చేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. వీరపునాయునిపల్లెకు కూడా రాజధాని మద్రాసే. కోర్టు పనికి, చదువుకు, పెద్ద వైద్యానికి ఎర్రగుంట్లలోనో కమలాపురంలోనో బొంబాయి–మద్రాసు రైలెక్కి అక్కడికే పోయేవాళ్ళు. బుల్లెట్ అడుగుపెట్టిన ఊరు మన వాళ్ళకు అలా సొంత ఊరి లెక్క.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. సరిహద్దుల గస్తీకి గట్టి బండి కావాలని భారత ప్రభుత్వం 800 బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చిందీ ఆ రోజుల్లోనే. అంత పెద్ద ఆర్డరు వచ్చాక ఇక్కడే తయారు చేయాలన్న ఆలోచన కుదిరింది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. ఉత్తర మద్రాసులోని తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట ఇంగ్లండు నుంచి విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్ళు. 1962 నాటికి మొత్తం ఇక్కడే తయారు చేసుకునే స్థితికి వచ్చారు.

1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1970కల్లా ఇంగ్లండులో ఆ కంపెనీ పనే ఆగిపోయింది. తిరువొత్తియూరులో మాత్రం ఆగలేదు. 1977లో ఇక్కడి నుంచి ఇంగ్లండుకు, ఐరోపాకు బుల్లెట్లను ఎగుమతి చేశారు. పుట్టింట్లో దీపం ఆరిపోతే మెట్టినింటి నుంచి నిప్పు పంపినట్టయింది.

బుల్లెట్ పాతబండిగా కనిపించడానికి కారణం కూడా ఇదే. పాత రూపం కావాలని ఎవరూ పట్టుబట్టి కాపాడింది కాదు. లైసెన్సులు, దిగుమతి ఆంక్షలు ఉన్న ఆ కాలంలో కొత్త నమూనాకు పెట్టుబడి లేదు, పోటీ లేదు, పోలీసులూ సైన్యమూ అదే బండిని మళ్ళీ మళ్ళీ కొంటున్నారు. అందుకే 346 సీసీ పోత ఇనుప ఇంజను పెద్ద మార్పేమీ లేకుండా దశాబ్దాలు నడిచింది. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే నడక ఎక్కువ. ఆ పొడుగు నడక వల్లే ఇంజను తాపీగా తిరుగుతుంది, ఒక్కో దెబ్బ విడివిడిగా వినిపిస్తుంది. ఊళ్ళో పిల్లలు దాన్ని డుగుడుగు బండి అన్నది ఆ చప్పుడుకే.

ఆ చప్పుడు పల్లెకు మొదట తెచ్చింది ఎక్కువగా సర్కారే. ఎస్సై బండి వస్తోందంటే అరమైలు ముందే తెలిసేది. రచ్చబండ మీద పేకాట సర్దేయడానికి ఆ అరమైలు చాలు. తర్వాత భూమీ బోరూ ఉన్న పెద్ద రైతులు, కాంట్రాక్టర్లు కొన్నారు. రాయలసీమలో బుల్లెట్‌కు పెద్దరికపు వాసన పట్టుకున్నది ఇక్కడే. తర్వాత సినిమాలు ఆ వాసనను మరింత పెంచాయి.

పాత బుల్లెట్‌ను లేపడం ఒక విద్య. తాళం తిప్పగానే హెడ్‌లైటు పక్కన ఉన్న అమ్మీటరు ముల్లు ఒక పక్కకు వాలుతుంది. కుడికాలితో కిక్కును నెమ్మదిగా కిందికి నొక్కుతూ ముల్లు మీద కన్ను వేయాలి. ముల్లు నడిమికి వచ్చి నిలబడిందంటే పాయింట్లు విడిపోయాయని, పిస్టను పైకొచ్చి గాలిని అదిమిపెట్టిందని గుర్తు. అక్కడ ఆపి, ఎడమచేతి దగ్గరున్న చిన్న లివరు లాగాలి. లోపల అదిమిన గాలి 'తుస్సు'మని బయటికి పోతుంది. కిక్కును ఇంకో అంగుళం దించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒళ్ళంతా బరువేసి ఒకే తన్ను తన్నాలి. ఈ వరస తప్పితే కిక్కు ఎదురు తన్నుతుంది. పిక్కో, చీలమండో వాచిపోతుంది. దెబ్బతిన్న కాలికి నువ్వులనూనె రాసుకుంటూ నేర్చుకున్న వాళ్ళే ఎక్కువ.

లేచాక ఇంకో తిరకాసు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరుకు పైకి ఎత్తాలి, మిగతా మూడింటికీ కిందికి తొక్కాలి. న్యూట్రల్ కోసం మడమ దగ్గర వేరే లివరు. ఇది అలవాటైన మనిషి వేరే బండి ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కేవాడు. 2000 తర్వాత వచ్చిన మోడళ్ళలో గేరు క్రమంగా ఎడమకు మారింది. అయినా పాతతరం కాళ్ళు ఇప్పటికీ పాత లెక్కే వెతుక్కుంటాయి.

రెండో దారి మైసూరుది. రుస్తుం ఇరానీ చెకొస్లొవేకియా జావా బండిని ఇక్కడ తయారు చేయడానికి 1960లో ఐడియల్ జావా కంపెనీని స్థాపించారు. మరుసటేడాది మైసూరు యాదవగిరిలో ఫ్యాక్టరీని జయచామరాజ వొడెయరు ప్రారంభించారు. జావా పేరు వెనక 1929 నాటి కథ ఉంది. యానెచెక్ అనే చెక్ పారిశ్రామికుడు జర్మనీ వాండరర్ కంపెనీ నుంచి బండి నమూనా కొన్నాడు. తన పేరులోని మొదటి రెండక్షరాలు, ఆ కంపెనీ పేరులోని మొదటి రెండక్షరాలు కలిపి పేరు పెట్టాడు.

దసరా అంటే మైసూరు తర్వాత ప్రొద్దుటూరే అని కడప జిల్లా వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ రెండు ఊళ్ళను కలిపిన మరో బంధుత్వం జావా. బుల్లెట్‌తో పోలిస్తే ఇది తేలిక, ఉరుకు ఎక్కువ. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు, అటొకటి ఇటొకటి. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. కలిపిన పాళ్ళు ఎక్కువైతే వెనకాల వచ్చే సైకిలు మనిషి పొగలో కనిపించకుండా పోయేవాడు. ఆ కాలిన నూనె వాసన ముక్కుకు తగిలితే యాభై దాటిన వాళ్ళకు ఇప్పుడూ ఎవరో ఒక మేనమామ గుర్తుకొస్తాడు.

జావా వింత దాని ఎడమ పక్కన ఉండేది. కిక్కూ, గేరు లివరూ రెండూ ఒకటే. లివరును లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. బండి లేచాక కిందికి దించితే గేరు. గేరు లివరు మీద కాలు అదిమితే చాలు, క్లచ్ దానంతట అదే వదిలేది. చేత్తో క్లచ్ పట్టుకోకుండానే గేర్లు మార్చుకుంటూ పోయేవాళ్ళు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది వరమే. చేతుల్లో ఒకటి ఎప్పుడూ సంచి పట్టుకోవడానికో, వెనక కూర్చున్న పిల్లాడిని సర్దడానికో కావాలి కదా.

1973 నుంచి జావా పేరు పోయి యెజ్దీ పేరు వచ్చింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. బండ్లు మాత్రం మెకానిక్కుల చేతుల్లో బతికాయి.

మూడోది రాజ్‌దూత్. పోలండు ఎస్‌హెచ్‌ఎల్ బండి నమూనాతో ఎస్కార్ట్స్ కంపెనీ 1962 నుంచి తయారు చేసిన 175 సీసీ బండి. దీనికి బుల్లెట్ దర్జా లేదు, జావా వేగం లేదు. మొండితనం ఉంది. రెండు పక్కలా పాలక్యాన్లు తగిలించినా, వెనక శనగ మూట కట్టినా, వంకలో దిగి గట్టెక్కమన్నా మారుమాట లేకుండా పోయేది. దేశమంతా పాలవాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. 1973లో 'బాబీ' సినిమాలో రిషి కపూర్, డింపుల్ కపాడియా చిన్న రాజ్‌దూత్ జీటీఎస్ మీద కనిపించాక ఆ బుడ్డ బండికి బాబీ అన్న పేరే ఖాయమైంది.

మోటారు సైకిల్ పెళ్ళి మాటల్లోకి వచ్చిందీ ఈ కాలంలోనే. అంతకు ముందు అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో. తర్వాత స్కూటరు, రాజ్‌దూత్, యెజ్దీ. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది, కానీ 'అబ్బాయికి బండి' అన్న మాట పెళ్ళి చూపుల్లో ఆగలేదు. బజాజ్ స్కూటరుకు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. ఆ ఎదురుచూపు భారమంతా పిల్ల తండ్రి మీదే పడేది. ఆయన అప్పు చేసి, చెవికమ్మలు కుదువపెట్టి కొనిచ్చిన బండి మీద అల్లుడు ఊరంతా తిరిగేవాడు. పాత బండి అందాన్ని తలచుకుంటున్నప్పుడు ఆ చెవికమ్మలను మరచిపోకూడదు. ఎంతోమంది మగవాళ్ళ మొదటి బండి ఎవరో ఒక ఆడపిల్ల తండ్రి రెక్కల కష్టం.

మిగతా వాళ్ళకు మొదటి బండి అంటే ఎవరో వాడి వదిలేసిందే. ఎస్సై బదిలీ మీద పోతూ అమ్మినది, వేలంలో దొరికినది, బావమరిది కొత్తది కొని ఇచ్చేసినది. రెండో చెయ్యి, మూడో చెయ్యి, ఒక్కోసారి నాలుగో చెయ్యి. ఆర్‌సీ పుస్తకంలో పేర్లు చూస్తే సగం తాలూకా తెలిసిన వాళ్ళే.

1985 ఈ కథను మలుపు తిప్పింది. ఆ ఏడాది ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. వీరపునాయునిపల్లె లాంటి ఊళ్ళకు ఎమ్మార్వో ఆఫీసు, మండల పరిషత్తు వచ్చాయి. వాటితోపాటు రోజూ వచ్చిపోయే గుమాస్తాలు, గ్రామసేవకులు, టీచర్లు. సరిగ్గా అదే ఏడాది హీరో హోండా సీడీ 100 వచ్చింది, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. సీడీ 100 ఫోర్ స్ట్రోక్ బండి. ఆయిలు కలిపే బాధ లేదు, లీటరుకు ఎనభై కిలోమీటర్లు అని ప్రకటన. నెలజీతం మనిషికి అంతకంటే ఏం కావాలి? ఉరుకు కావాలన్న కుర్రాళ్ళకు ఆర్‌ఎక్స్ 100 దొరికింది. లీటరుకు ముప్పై, ముప్పై అయిదు ఇచ్చే బుల్లెట్ ఒక్కసారిగా ముసలిదైపోయింది. 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చి కడప జిల్లా బండ్లకు ఏపీ 04 నంబర్లు పడేనాటికి, ఆ నంబర్లు చిన్న బండ్ల మీదే ఎక్కువ కనిపించసాగాయి.

ఎన్‌ఫీల్డ్ ఒక చివరి ప్రయత్నం రైతు కోసమే చేసింది. బుల్లెట్ ఒంట్లో 325 సీసీ డీజిల్ ఇంజను పెట్టి టారస్ పేరుతో అమ్మింది. నీళ్ళ మోటారు వాడే డీజిలే బండికీ సరిపోయేది. వేగం అరవై దాటడమే గగనం, వణుకు ఎముకల్లోకి ఎక్కేది, కానీ లీటరుకు డెబ్బై కిలోమీటర్ల పైన ఇచ్చేది. కాలుష్య నిబంధనలు బిగిసేసరికి అదీ ఆగిపోయింది. ఆ నిబంధనలే టూ స్ట్రోక్ బండ్లనూ ఒక్కొక్కటిగా రోడ్డు దించాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది, యెజ్దీ ఆగిన ఏడాదే.

ఫ్యాక్టరీలు ఆగినా బండ్లు ఆగకపోవడానికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మెకానిక్కులే కారణం. వాళ్ళలో చాలామంది ఏ ఐటీఐ గడపా తొక్కలేదు. పదేళ్ళ వయసులో పానాలు అందించడానికి చేరి, చెవితో నేర్చుకున్నారు. స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపల ఏది అరిగిందో చెప్పేవాళ్ళు. పాయింట్ల మధ్య సందును కాగితం మడతతో కొలిచేవాళ్ళు. సైలెన్సర్‌లో మసి పేరుకుంటే లోపలి గొట్టం లాగి గడ్డిమంటలో కాల్చి, దులిపి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. పిస్టను అరిగితే లేతు దగ్గర సిలిండరు బోరింగు చేయించి పెద్ద సైజు పిస్టను వేసేవాళ్ళు. విడిభాగం దొరకకపోతే ఇంకో బండి విప్పి తెచ్చేవాళ్ళు. ఈ విద్యను ఎవరూ పుస్తకంలో రాసిపెట్టలేదు. ఆ చేతులు ఒక్కొక్కటే విశ్రాంతి తీసుకుంటున్న ఈ రోజుల్లో అడిగి రాసుకునేవాళ్ళు ఉంటే ఎంత బాగుండు!

ఐషర్ గ్రూపు 1990లో ఎన్‌ఫీల్డ్‌లో వాటా తీసుకుంది, 1994లో పూర్తిగా కలుపుకుని మళ్ళీ రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టింది. 2000 నాటికి నెలకు 2,000 బండ్లు అమ్మడం గొప్పగా ఉండేది. మూసేద్దామా అన్న మాట వచ్చింది. ఐషర్‌కు చెందిన సిద్ధార్థ లాల్ బాధ్యత తీసుకుని దాన్ని నిలబెట్టారు. 2009లో కొత్త ఇంజనుతో క్లాసిక్ వచ్చింది. ఒంటి సీటు, గుండ్రటి లైటు, 1940ల నాటి వంపులు. అప్పటికే ఇంగ్లండులో ట్రయంఫ్ బోనవిల్ 2001లో పాత రూపంతో తిరిగి వచ్చి ఉంది. మినీ కారు, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కూడా అదే బాట పట్టాయి. వాళ్ళు మూసేసిన పాతదాన్ని మళ్ళీ వెతికి తెచ్చుకున్నారు. తిరువొత్తియూరులో పాతది ఇంకా వెచ్చగానే ఉంది. ట్యాంకు మీద బంగారు గీతలు అక్కడ దశాబ్దాలపాటు కుంచె పట్టి చేత్తోనే గీశారు.

మిగతావాళ్ళూ వరస కట్టారు. 2018 నవంబరులో జావా తిరిగి వచ్చింది, ఈసారి మధ్యప్రదేశ్ పీతంపూర్ నుంచి. ఇంజను నాలుగు స్ట్రోకులది, నీటితో చల్లబడేది, అయినా రెండు సైలెన్సర్లూ అలాగే ఉంచారు. 2020లో హోండా హైనెస్ సీబీ 350, 2022 జనవరిలో యెజ్దీ, అదే ఏడాది టీవీఎస్ రోనిన్, ఆగస్టులో ఎన్‌ఫీల్డ్ హంటర్. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట తెలుగు పెళ్ళిళ్ళన్నింటిలో మోగింది. ఎస్సై బండిగా, కట్నం బండిగా పల్లెకు వచ్చినదాన్ని ఆ పాటలో పెళ్ళికూతురు తన సంబరంగా చేసుకుంది.

మొదటి బండిగా ఇలాంటిది కొంటానంటే ఇంట్లో ఇప్పటికీ పంచాయితీ జరుగుతుంది. మైలేజీ ఎంత అని తండ్రి అడుగుతాడు. బరువెంత అని తల్లి అడగదు గానీ అడగాల్సింది అదే. పాత బుల్లెట్ 165 కిలోల చుట్టుపక్కల ఉండేది. ఇప్పటి క్లాసిక్ 195 కిలోలు, హంటర్ 181. ఎర్రగుంట్ల రోడ్డులో నాపరాళ్ళ లారీలు విదిల్చిన కంకర మీద ఆ బరువును తొలిసారి ఆపడం చిన్న విషయం కాదు. పాతవాటికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. ముందు చక్రం పట్టేసి జారిపడే ప్రమాదం అలా బాగా తగ్గింది. పెద్దాయన వెతికిన కిక్కు పోయింది గానీ, ఆయన కాలంలో లేని ఈ రక్షణ వచ్చింది. ధర సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు పైబడ్డ వాటికి 40 శాతమైంది. క్లాసిక్, హంటర్ ఇంజన్లు 349 సీసీ. హద్దుకు ఇవతల ఉండడం ఎంత డబ్బు మిగిల్చిందో కొన్నవాళ్ళకు తెలుసు.

కొన్నాక దారులు మాత్రం పాతవే. కొత్త బండి మొదట గండి వీరాంజనేయస్వామి దగ్గరికో, దేవుని కడపకో పోతుంది. చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి. తర్వాత స్నేహితులతో జమ్మలమడుగు మీదుగా గండికోట. పెన్న లోయ అంచుదాకా పోయి ఫోటోలు. బెంగళూరు, హైదరాబాదుల నుంచి ఇవే బండ్ల మీద వచ్చినవాళ్ళు అక్కడ కలుస్తారు. సోమవారం నాటికి అదే బండి మీద ఎరువు సంచి పడుతుంది. మెరుగు పెట్టిన ట్యాంకు మీద గీత పడకుండా గోనెపట్ట కప్పుకోవడం ఒక్కటే తేడా.

దసరా నాడు ఆయుధపూజకు ఇంటి ముందు బండ్లన్నీ కడిగి నిలబెడతారు. కొన్ని ఇళ్ళల్లో ఏపీ 39 నంబరు కొత్త బండి పక్కన, కొట్టంలో నుంచి తోసుకొచ్చిన పాత బుల్లెట్ ఒకటి ఉంటుంది. రెండింటికీ ఒకే బంతిపూల దండ, ఒకే పసుపు బొట్టు. పూజ అయ్యాక కుర్రాడు పాతదాని మీద ఎక్కి కాలెత్తుతాడు. "దబ్బున తన్నొద్దు అబ్బీ, ముల్లు నడిమికి రానీ" అంటాడు తాత. కుర్రాడు కిక్కును నెమ్మదిగా దించుతూ అమ్మీటరు వంక చూస్తాడు. ముల్లు కదిలింది. తాత చెయ్యి గాలిలోనే ఎడమ లివరును లాగింది.

"ఊ, ఇప్పుడు."